నిలబడి చూసింది చాలు

చలికాలం అంటే నాకు ప్రాణం. ఎందుకూ అని ఎవరైనా అడిగితే నలుగురిలో చెప్పుకోదగ్గ కారణాలు నా దగ్గర చాలానే ఉన్నాయి. వాకిట్లో ముగ్గులు, తిరుప్పావై, లేత చిక్కుడుకాయలు, రేగుపళ్ళు, ఉప్పేసి ఉడకబెట్టిన అనపకాయలు. అన్నీ నిజాలే. కానీ అసలు కారణం వేరే ఉంది. చలికాలంలో పెందలాడే పొద్దు గుంకుతుంది. వచ్చేపోయేవాళ్ళు తగ్గుతారు. తలుపులు దగ్గరగా వేసుకుని, శాలువా కప్పుకుని, కాళ్ళు ముడుచుకుని, చేతిలో వేడి చాయ్ గ్లాసుతో నేను టీవీ ముందు కూర్చోవచ్చు.

అదీ సంగతి. చెప్పేశాను. ఇక నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

నవ్వుతారని నాకు తెలుసు లెండి. "నేను పుస్తకాలు చదువుతాను" అన్నావిడని అందరూ గౌరవంగా చూస్తారు. "సంగీతం వింటాను" అంటే ఇంకాస్త గౌరవం. "టీవీ చూస్తాను" అని చెప్పి చూడండి, ఎదుటివాళ్ళ పెదవి ఓ పక్కకి వంకర పోతుంది. "సీరియళ్ళు కూడానా?" అని అడుగుతారు. ఆ "కూడానా"లో ఎంత జాలి ఉంటుందో! మనం ఏదో మందులేని జబ్బుతో బాధపడుతున్నామన్నట్టు. ఇన్నాళ్ళూ నేను కూడా ఆ ప్రశ్నకి సిగ్గుపడుతూ, "ఏదో, అత్తమ్మ చూస్తుంటే పక్కన కూర్చుంటాను" అని తప్పుకునేదాన్ని. పాపం, ఎనభై ఏళ్ళ మనిషి మీదికి నెట్టేసేదాన్ని. ఇక నెట్టను. ఎందుకు నెట్టనో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

మా ఊరు మహేశ్వరం. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద తుక్కుగూడ దాటాక దారి మళ్ళితే వస్తుంది. శివగంగ గుడీ, దాని కోనేరూ మా ఊరికి పెద్ద గుర్తు. 1986లో నేను కోడలిగా వచ్చినప్పుడు ఇంటి చుట్టూ కూరగాయల మళ్ళు ఉండేవి. 2008 మార్చిలో శంషాబాదులో విమానాశ్రయం తెరిచారు. ఆ తర్వాత మా చుట్టుపక్కల ఎకరాలు పోయి గజాలు వచ్చాయి. ఒకప్పుడు వంకాయల ధర మాట్లాడుకునే మగవాళ్ళు ఇప్పుడు పొద్దస్తమానం గజం ధర మాట్లాడుకుంటున్నారు. మేం కూడా కొంత అమ్మి, పాత పెంకుటిల్లు విప్పి కొత్త ఇల్లు కట్టాలని ఏడాదిగా అనుకుంటున్నాం. అక్కడ మొదలైంది తగువు.

ఇంజనీరుగారు ప్లాను గీసి తెచ్చారు. కింద హాలు, వంటిల్లు, అత్తమ్మ గది, మా గది. పైన పిల్లల గదులు. బాగానే ఉంది. నేను కళ్ళజోడు పెట్టుకుని మరోసారి చూశాను. హాల్లో సోఫాలు గీశారు, పూలకుండీలు గీశారు, చేపల తొట్టి కూడా గీశారు. టీవీ లేదు.

"టీవీ ఎక్కడండీ?" అని అడిగాను.

"హాల్లో టీవీ ఇప్పుడెవరూ పెడతలేరు. పాత పద్ధతి. పైన హోమ్ థియేటర్ గది వస్తది. అక్కడ పెద్ద తెర పెడదాం" అన్నారు మావారు.

"మరి అత్తమ్మ?"

"అమ్మా, అందరికీ ఫోన్లున్నయి కదా! నీకూ నానమ్మకూ ఒక ట్యాబ్ కొనిస్త. మీ సీరియళ్ళు అందులో చూసుకోండి" అన్నాడు మా అబ్బాయి, ఎంతో ప్రేమగా.

మంచం మీద కూర్చుని వింటున్న అత్తమ్మ, "మీదికి నేనెట్ల ఎక్కుత బిడ్డా, నా మోకాళ్ళు చూసినవా?" అంది. ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఫోన్లో బొమ్మ కనిపించదు, టీవీలో మనిషి కనిపిస్తాడు. ఆ తేడా వాళ్ళకి తట్టలేదు. ఇంకో తేడా కూడా తట్టలేదు. నేను ఇప్పుడున్న ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడితే హాల్లో టీవీ కనిపిస్తుంది. పైకి పోయిందంటే నేను కూరగిన్నె పట్టుకుని మెట్లెక్కాలి. అంటే చూడడం మానెయ్యాలన్నమాట. మానెయ్యమని ఎవరూ అనలేదు సుమండీ. ఆడవాళ్ళని ఏదీ మానెయ్యమని అననక్కరలేదు, కొంచెం దూరంగా జరిపితే చాలు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ గుర్తొచ్చింది.

మా పుట్టిల్లు పాలమూరు జిల్లా పల్లెటూరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, 1975లో, మా ఊరి బడికి టీవీ వచ్చింది. పట్నంలో ఉన్నవాళ్ళకంటే ముందే మేం చూశామంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబరులో. అంతకు రెండేళ్ళ ముందే, అమెరికావాళ్ళ ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించారు మన శాస్త్రవేత్తలు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా నడిచింది. దాని పేరు 'సైట్'. కోళ్ళ గూటికి కట్టే జాలీలాంటి తీగెలతో చేసిన పదడుగుల గొడుగొకటి పెట్టారు. పొద్దున పిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దలకి సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, మధ్యలో పాటలు, నాటకాలు.

సాయంత్రం అయ్యేసరికి ఊరు ఊరంతా బడి ముందు చేరేది. మగవాళ్ళు ముందు వరసల్లో, పిల్లలు నేల మీద. ఆడవాళ్ళు వెనకాల. మా అమ్మ ఆ వెనకాల కూడా కూర్చునేది కాదు. గోడకి ఆనుకుని నిలబడేది. "కూసోరాదే" అని పక్కింటి పెద్దమ్మ పిలిస్తే, "పోవాలె, పొయ్యి మీద పప్పున్నది" అనేది. రోజూ పప్పే ఉండేది కాదు. ఒకరోజు బర్రె పాలు పితకాలి, ఒకరోజు నాయన అన్నానికొస్తాడు. ఒకటి మాత్రం రోజూ ఉండేది, కూర్చుంటే ఎవరేమనుకుంటారో అన్న భయం. కూర్చున్న ఆడది పనిలేని ఆడది. నిలబడితే, ఇప్పుడే పోతున్నట్టు లెక్క. మా అమ్మ ఆ ఏడాదంతా 'ఇప్పుడే పోతున్నట్టు' టీవీ చూసింది.

తరవాత మా అన్నయ్య ఇంట్లో కలర్ టీవీ వచ్చింది. రిమోట్ వచ్చింది. అమ్మకి డెబ్భై ఏళ్ళు వచ్చాయి. అప్పటికీ గడప దగ్గర నిలబడే చూసేది, ఒక చెయ్యి తలుపు మీద వేసి. ఆవిడ పోయాక ఆ తలుపు రెక్క మీద చెయ్యి ఆన్చిన చోట రంగు పోయి ఉండడం చూసి నేను ఏడ్చాను. సీరియల్ చూసి కాదండీ, తలుపు చూసి ఏడ్చాను.

నేను మాత్రం కూర్చోవడం నేర్చుకున్నాను. నేర్పింది రామాయణం. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై ఆఖరు దాకా ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి రామానంద్ సాగర్ రామాయణం వచ్చేది. మా వీధికంతటికీ ఒక్కటే టీవీ. ఆ ఇంటివాళ్ళు టీవీకి దండ వేసి, అగరొత్తులు వెలిగించేవాళ్ళు. దేవుడి ముందు కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కదా! కొత్త కోడళ్ళమంతా తలార స్నానం చేసి, చాప మీద బాసింపట్టు వేసుకుని దర్జాగా కూర్చున్నాం. గంటసేపు ఏ అత్తగారూ "లే" అనలేదు, ఎందుకంటే అత్తగార్లు కూడా పక్కనే కూర్చున్నారు. హిందీ రాకపోయినా ఫరవాలేదు, కథ అందరికీ వచ్చు. మా అత్తమ్మ, నేను పక్కపక్కన కూర్చున్న మొదటి చోటు ఆ చాపే. మొన్న 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దూరదర్శన్ మళ్ళీ అదే రామాయణం వేస్తే, ఇద్దరం మళ్ళీ పక్కపక్కనే కూర్చుని చూశాం. సీతమ్మవారు అగ్నిలోకి నడుస్తుంటే ముప్ఫైరెండేళ్ళ కింద దండం పెట్టిన అత్తమ్మ, ఈసారి, "ఎన్నిసార్లు దుంకాలె గీ పిల్ల?" అంది. టీవీ చూస్తే బుర్ర పెరగదని ఎవరన్నారు?

సరే, ఇక అసలు తగువులోకి వస్తాను. మొన్న ధనుర్మాసంలో ఒక రోజు. ఎముకలు కొరికే చలి. మావారూ, అబ్బాయీ భూమి కాగితాల పని మీద పొద్దున్నే పట్నం వెళ్ళారు. కోడలు ఉద్యోగానికి వెళ్ళింది. ఇంట్లో అత్తమ్మ, నేను. ఇవాళ మనకి టీవీ పండగ అనుకున్నాం.

తెల్లవారుజామున తిరుమల చానల్. ధనుర్మాసంలో స్వామివారికి సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారు కదా, అది వింటూ నేను ముగ్గు వేసి వచ్చాను. తరవాత వంటల కార్యక్రమం. అందులో ఆవిడ గిన్నెలు కడగదు, అదే నాకు నచ్చుతుంది. మధ్యాహ్నం 'మాయాబజార్'. 1957లో వచ్చిన సినిమా, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో నడుస్తుంటే సావిత్రి కళ్ళు చూడడానికే నేను ప్రతిసారీ పని ఆపేస్తాను. సాయంత్రం చాయ్ తాగుతూ 'అమృతం' పాత భాగాలు రెండు. 2001 నుంచి 2007 దాకా ఆరేళ్ళు ఆదివారం రాత్రుళ్ళు నవ్వించిన సీరియల్ అది. అమృతరావు, ఆంజనేయులు, సర్వం, ఇంటి ఓనరు అప్పాజీ. ఒక్కరు ఏడవరు, ఒక్కరికి విషం పెట్టరు, అయినా జనం చూశారు. ఆంజనేయులు వేసిన గుండు హనుమంతరావుగారు 2018లో పోయారు. ఆయన తెర మీదికి రాగానే అత్తమ్మ ఇప్పటికీ మనింటి మనిషి వచ్చినట్టు సర్దుకుని కూర్చుంటుంది. చీకటి పడ్డాక మా రోజువారీ సీరియళ్ళు. కథలో గుట్టు బయటపడే సమయానికి బయట ఆకాశంలో విమానం మోత. అది మా ప్రాంతం వాళ్ళకి మామూలే. గుట్టు మళ్ళీ రేపు చెప్తారు లెమ్మని వదిలేస్తాం.

రాత్రి మగవాళ్ళు వచ్చారు. గడపలోనే, "పొద్దున్నుంచీ టీవీయేనా?" అన్నారు మావారు.

నేను మాట్లాడలేదు. చేతులకేసి చూసుకున్నాను. ఆ రోజు టీవీ చూస్తూ నేను ఏం చేశానో చెప్పమంటారా? రెండు కిలోల కందికాయలు ఒలిచాను. వారానికి సరిపడా బియ్యంలో రాళ్ళు ఏరాను. రెండు బుట్టల బట్టలు మడతపెట్టాను. మావారి స్వెటరుకి ఊడిన గుండీలు కుట్టాను. అత్తమ్మ మోకాళ్ళకి నూనె రాశాను. చారు పెట్టాను, చిక్కుడుకాయ కూర చేశాను, జొన్నరొట్టెలు కొట్టాను. ఇంతా చేసి నాకు దక్కిన పేరు 'పొద్దున్నుంచీ టీవీ'. అదే మావారు ఆదివారం క్రికెట్ చూస్తారు. సోఫాలో ఒరిగి, రెండు చేతులూ తల వెనక పెట్టుకుని చూస్తారు. ఆ చేతుల్లో పల్లీల పొట్టు కూడా ఉండదు, పల్లీలు నేనే ఒలిచి పెడతాను. దాన్ని 'రెస్టు' అంటారు.

2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతా తిరిగి, ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తున్నారు. మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ 97 నిమిషాలు కూడా పని చేసే మగవాళ్ళ లెక్క. అసలు ఇంటిపని ముట్టుకునే మగవాళ్ళు నూటికి 26 మందే. ఆడవాళ్ళు 81 మంది. ఇప్పుడు చెప్పండి, 'టీవీతో కాలం వృథా' అన్న మాట ఎవరు ఎవరితో అనాలి?

"క్రికెట్ వేరు, సీరియల్ వేరు" అంటారు. ఏం వేరు? 2008 నుంచి ఏటా ఎండాకాలంలో రెండు నెలలపాటు రోజూ రాత్రి అదే సమయానికి వస్తుంది. అవే మొహాలు, కాకపోతే చొక్కాల రంగు మారుతుంది. నిరుడు శత్రువు ఈ ఏడు మిత్రుడు. ఆఖరి ఓవరు దాకా సాగదీస్తారు. మధ్యలో ప్రకటనలు. దీన్ని సీరియల్ అనకపోతే ఇంకేమంటారండీ? పోనీ తొమ్మిది గంటల చర్చ చూద్దామా? నలుగురు మగవాళ్ళు నాలుగు డబ్బాల్లో కూర్చుని ఒకేసారి అరుస్తారు. ఒకరి మాట ఒకరు వినరు. తేలేది ఏమీ ఉండదు, మళ్ళీ రేపు అక్కడే మొదలు. మా సీరియల్లో అత్తాకోడళ్ళు కనీసం ఒకరి తర్వాత ఒకరు అరుస్తారు. అందులో ఏడుపు ఉంటుంది కాబట్టి అది ఆడవాళ్ళ పిచ్చి. ఇందులో కోపం ఉంటుంది కాబట్టి ఇది లోకజ్ఞానం!

నేను సీరియళ్ళని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. వాటిని రోజూ చూసేదాన్ని, వాటి తప్పులు నాకు తెలిసినంతగా వెక్కిరించేవాళ్ళకి తెలియవు. 'కార్తీకదీపం'నే తీసుకోండి. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది. పదిహేను వందలకు పైగా భాగాలు. నేనూ, అత్తమ్మా ఒక్కటి వదలకుండా చూశాం. వంటలక్క అంటే మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నల్లగా ఉందని చిన్నచూపు చూసిన పిల్ల, మొగుడి అనుమానం భరించలేక బయటికొచ్చి, వంట చేసి తన కాళ్ళ మీద తాను నిలబడిందంటే మాకు ఎంత ధైర్యంగా ఉండేదో! కానీ నాకు రెండు ఫిర్యాదులున్నాయి. నల్లపిల్ల కథ చెప్పడానికి తెల్లగా ఉన్న నటికి నల్లరంగు పూయడం ఏమిటి? ఇంత పెద్ద దేశంలో నల్లని పిల్లలకి కరువొచ్చిందా? ఇక రెండోది. డాక్టరు చదివిన మొగుడికి ఒక్క రక్తపరీక్షతో తీరిపోయే అనుమానాన్ని ఏళ్ళ తరబడి ఆవిడ కన్నీళ్ళతో కడిగించడం ఏమిటి?

ఈ ఫిర్యాదులు చేసే హక్కు నాకుంది, ఎందుకంటే నేను చూస్తాను. మా డబ్బుతోనే అవి నడుస్తున్నాయి. 'సోప్ ఒపేరా' అన్న పేరు ఎలా వచ్చిందో తెలుసు కదా? 1930లలో అమెరికాలో పగటిపూట ఇంట్లో ఉండే ఆడవాళ్ళ కోసం రేడియోలో కథలు వేసేవాళ్ళు. వాటికి డబ్బు పెట్టింది సబ్బుల కంపెనీలు. అంటే మొదటినుంచీ లెక్క ఒకటే. బట్టలుతికేది ఆడది, సబ్బు కొనేది ఆడది, ఆ సబ్బు డబ్బుతో కథ నడుస్తుంది. చివరికి ఆ కథ చూసినందుకు మాట పడేదీ ఆడదే.

సీరియల్ అనేదే చెడ్డది అంటే మాత్రం ఒప్పుకోను. మెక్సికోలో 1975లో పెద్దవాళ్ళని చదువు వైపు మళ్ళించడానికి ఒక సీరియల్ తీశారు. ఆ దారిలోనే మన దూరదర్శన్ 1984 జూలై 7న 'హమ్ లోగ్' మొదలుపెట్టింది. మనోహర్ శ్యామ్ జోషి రాశారు. తాగుబోతు తండ్రి, పెళ్ళికాని కూతుళ్ళు, చాలీచాలని డబ్బు. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ పెద్దమనిషిలా వచ్చి, "మీరైతే ఏం చేస్తారు?" అన్నట్టు మాట్లాడేవారు. చూసినవాళ్ళు లక్షల్లో ఉత్తరాలు రాశారు. అంటే ఊరికే చూడలేదు, ఆలోచించారు. తెలుగులో కూడా మంజులా నాయుడుగారి 'ఋతురాగాలు' దూరదర్శన్‌లో వచ్చే రోజుల్లో, మా వీధిలో బావి దగ్గర ఆడవాళ్ళం మా సొంత కష్టాలు మాట్లాడుకోవడం నేర్చుకున్నది ఆ పాత్రల పేరు చెప్పుకునే. "ఆ పిల్ల అట్ల చేసి ఉండొద్దు" అని మొదలుపెట్టి, "మా ఇంట్ల కూడ గిదే కథ" అని ముగించేవాళ్ళం. మన బాధ మన పేరుతో చెప్పుకోలేనప్పుడు సీరియల్ పాత్ర పేరుతో చెప్పుకోవచ్చు.

ఇది నా ఒక్కదాని మాట కాదు. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2001 నుంచి 2003 దాకా మన పల్లెల్లో వివరాలు సేకరించి 2009లో ప్రచురించారు. మన రాష్ట్రం అందులో లేదు గాని, తమిళనాడు ఉంది. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన ఊళ్ళలో, మొగుడు కొడితే తప్పు లేదనే ఆడవాళ్ళు తగ్గారు. కొడుకే పుట్టాలన్న పట్టుదల తగ్గింది. ఇంటి విషయాల్లో తమ మాట చెల్లుతుందని చెప్పిన ఆడవాళ్ళు పెరిగారు. ఆ ఊళ్ళవాళ్ళు కూడా ఈ ఏడుపుగొట్టు కథలే చూశారు మరి. ఏడుపు మధ్యలో ఇంకేదో కూడా కనిపించి ఉండాలి. తన పేరు మీద సంతకం చేసే ఆడది, ఉద్యోగానికి వెళ్ళే ఆడది, గట్టిగా "వద్దు" అనే ఆడది.

"ఇంత వాదన ఎందుకు, ఫోన్లో చూసుకో" అంటాడు మా అబ్బాయి. ఫోన్ సంగతీ చెప్తాను. ఒక రాత్రి మంచినీళ్ళకి లేచాను. హాల్లో సోఫా మీద దుప్పటి ఒకటి లోపలినుంచి వెలుగుతోంది. భయపడి దగ్గరికెళ్ళి చూస్తే మా కోడలు. దుప్పటి నిండా కప్పుకుని, చెవుల్లో ఏవో పెట్టుకుని, కొరియావాళ్ళ సీరియల్ చూస్తోంది. నన్ను చూసి ఉలిక్కిపడి, "సారీ అత్తమ్మా, ఒక్క పది నిమిషాలే" అంది.

ఎందుకమ్మా సారీ? పొద్దున ఆరింటికి లేచి, వంటలో చెయ్యి వేసి, ఉద్యోగం చేసి, రాత్రి పిల్లవాణ్ణి పడుకోబెట్టి వచ్చిన పిల్ల. ఇంట్లో అందరికంటే ఎక్కువ సంపాదిస్తోంది. నా చేతికొచ్చిన నాలుగు వేల అప్పు పుస్తకమో, నగో దొంగిలిస్తూ పట్టుబడినట్టు ఆ పిల్ల మొహం పెట్టింది. అప్పుడు నాకు అర్థమైంది. బడి గోడకి ఆనుకుని నిలబడ్డ మా అమ్మకీ, దుప్పట్లో దాక్కున్న ఈ పిల్లకీ మధ్య యాభై ఏళ్ళు గడిచాయి. ఉపగ్రహం మారింది, తెర మారింది, భాష మారింది. దొంగతనంగా చూడడం మాత్రం మారలేదు.

అందుకే హాల్లో టీవీ ఉండాలంటాను. ఫోన్ ఒక్కరిది, టీవీ ఇంటిది. ఫోన్లో చూస్తే నా నవ్వు నాతోనే పోతుంది. హాల్లో చూస్తే అత్తమ్మ నవ్వుకి నేను నవ్వుతాను, మా ఇద్దరి నవ్వుకి కోడలు వచ్చి "ఏమైందత్తమ్మా?" అంటుంది. మరీ ముఖ్యంగా, హాల్లో చూస్తే నలుగురూ చూస్తుండగా చూస్తాను. ఆడది నలుగురి ముందు, పగటి పూట, తీరిగ్గా కూర్చోవడం ఇంట్లో వాళ్ళ కళ్ళకి అలవాటు కావాలి. మా మనవడి కళ్ళకి ముఖ్యంగా అలవాటు కావాలి. రేపు వాడి భార్య గడపలో నిలబడకూడదు.

మర్నాడు పొద్దున నేను ప్లాను కాగితం ముందేసుకుని, మనవడి పెన్సిలూ రబ్బరూ తీసుకున్నాను. చేపల తొట్టి తుడిపేశాను. అక్కడ టీవీ గీశాను. బాగా రాలేదు, ఏదో అగ్గిపెట్టెలా వచ్చింది. దాని ఎదురుగా అత్తమ్మకి చేతులున్న కుర్చీ ఒకటి, నాకొకటి, కోడలికొకటి గీశాను. వంటింటి గోడకి మధ్యలో కిటికీ పెట్టాను.

మావారు చాయ్ తాగుతూ చూశారు. "ఇంజనీరు నవ్వుతడు" అన్నారు.

"నవ్వనీయండి. ఆయనకి మీరు ఇచ్చే డబ్బులో మా వంకాయల డబ్బు కూడా ఉంది" అన్నాను.

ఆయన ఇంకా 'సరే' అనలేదు. 'కాదు' అని కూడా అనలేదు. "మూడు కుర్చీలేనా? నేనెక్కడ కూర్చోవాలె?" అని అడిగారు. కందికాయలు ఒలిచేవాళ్ళకి చాప మీద చోటుందని చెప్పాను. కాగితం ఇప్పుడు ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళింది. ఏమవుతుందో చూడాలి.

ఈలోగా చలి ఇంకా తగ్గలేదు. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు తలుపు మీద చెయ్యి వేసి, 'ఇప్పుడే పోతున్నట్టు' టీవీ చూస్తూ ఉంటారు. ఆవిడ మీ అమ్మో, అత్తగారో, వంటపని చేసిపెట్టే మనిషో, లేక మీరేనో. పొయ్యి కట్టేసి, కుర్చీ లాగి, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టండి. పప్పు ఎక్కడికీ పోదు. ఏమంటారు?